రన్‌వే ముందున్న ఆ అర నిమిషం

విమానంలో కుదుపులు వచ్చినప్పుడు ప్రయాణికులు భయపడేది ఎక్కువగా పది కిలోమీటర్ల ఎత్తులో. కప్పులో టీ ఒలుకుతుంది, సీటు బెల్టు దీపం వెలుగుతుంది, పక్క సీట్లో వాళ్లు దేవుణ్ని తలుచుకుంటారు. కానీ ఆ ఎత్తులో పైలట్‌కు ఓ పెద్ద వెసులుబాటు ఉంటుంది. కింద బోలెడు ఖాళీ ఉంది కాబట్టి వెయ్యి అడుగులు జారినా సర్దుకోవచ్చు. గాలి దెబ్బకు పెద్ద విమానాలు కూలిన ఘటనలు తిరగేస్తే, చాలావరకు అవి నేలకు దగ్గర్లోనే జరిగాయి. చక్రాలు దించి, ఊరి దీపాలు కనిపిస్తూ, ఇక దిగిపోయామని అందరూ స్థిమితపడే ఆఖరి వెయ్యి అడుగుల్లో, లేదంటే నేల విడిచిన మొదటి వెయ్యి అడుగుల్లో.

అక్కడ దెబ్బతీసేది విండ్ షియర్. కొద్ది దూరంలోనే గాలి వేగమో, దిక్కో, రెండూనో ఒక్కసారిగా మారిపోవడాన్ని విమానయానంలో అలా అంటారు. వినడానికి ఇందులో అంత ఘోరమేమీ కనిపించదు. గాలి మారితే మారింది, గంటకు 260 కిలోమీటర్ల వేగంతో దూసుకొస్తున్న అరవై టన్నుల విమానాన్ని అదేం చేస్తుంది అనిపిస్తుంది. చిక్కు ఎక్కడుందంటే, విమానాన్ని పైకెత్తి ఉంచేది రెక్క మీదుగా పారే గాలి వేగం. నేల మీద కొలిచే వేగంతో రెక్కకు సంబంధం లేదు. గంటకు 45 కిలోమీటర్ల ఎదురుగాలి ఉన్నప్పుడు, నేల మీద 215తో పోతున్నా రెక్కకు 260 అందుతుంది. ఆ ఎదురుగాలి కాస్తా ఆగిపోయి, అదే 45తో వెనకనుంచి వీచడం మొదలైందనుకోండి. అంత బరువున్న విమానం ఉన్నపళంగా వేగం పుంజుకోలేదు. నేల మీద ఇంకా 215తోనే పోతుంటుంది. రెక్కకు అందేది 170 మాత్రమే. ఆ బరువును మోయడానికి అది చాలదు. ఇంజిన్లు బాగానే ఉంటాయి, మీటలన్నీ పనిచేస్తుంటాయి, అయినా విమానం కిందికి జారిపోతుంది.

ఇలాంటి గాలిని పుట్టించేవాటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది మైక్రోబర్స్ట్. ఉరుముల మేఘంలోంచి రాలే చినుకులు కింద ఉన్న పొడిగాలిలో ఆవిరవుతూ ఆ గాలిని చల్లబరుస్తాయి. చల్లబడ్డ గాలి బరువెక్కి, వానతో పాటు నిట్టనిలువుగా కిందికి పడుతుంది. కుళాయి నీళ్లు గచ్చు మీద పడి నలువైపులా చిమ్మినట్టు, అది నేలను తాకి అన్ని దిక్కులకూ విరజిమ్ముతుంది. దీని వ్యాసం 4 కిలోమీటర్లు మించదు. ఆయుష్షు 5 నుంచి 15 నిమిషాలు, అందులో అసలు ఉధృతి రెండు మూడు నిమిషాలే. అంటే ముందు దిగిన విమానానికి తగలని గాలి, రెండు నిమిషాల తర్వాత వచ్చే విమానాన్ని కూల్చేయగలదు.

పైగా ఇది పైలట్‌ను మోసం చేసే వరస కూడా ఉంది. విమానం అటువైపు వెళ్తుంటే మొదట తగిలేది ఎదురుగాలి. వేగం పెరుగుతుంది, విమానం ఉండాల్సిన దారికన్నా పైకి లేస్తుంది. ఏళ్ల తరబడి అలవాటైన చెయ్యి అప్పుడు ఏం చేస్తుంది? ఇంజిన్ల జోరు తగ్గించి, ముక్కు కాస్త దించుతుంది. మామూలు రోజున అదే సరైన పని. కొద్ది సెకన్లలో కిందికి తోసే గాలి, దాని వెంటే వెనకగాలి వచ్చేస్తాయి. ఇప్పుడు పూర్తి జోరు కావాలి, కానీ జోరు బాగా తగ్గించిన జెట్ ఇంజిన్ మళ్లీ పూర్తి శక్తి అందుకోవడానికి 8 సెకన్ల దాకా పట్టవచ్చు. రెండు కిలోమీటర్ల గాలి గుంటను విమానం దాటడానికి పట్టే మొత్తం సమయమే అర నిమిషం. అందులో ఎనిమిది సెకన్లు పోతే మిగిలేదెంత?

ఇది అచ్చంగా ఎలా జరుగుతుందో 1985 ఆగస్టు 2 సాయంత్రం అమెరికాలోని డాలస్-ఫోర్ట్ వర్త్ విమానాశ్రయంలో తెలిసింది. ఫ్లోరిడా నుంచి వస్తున్న డెల్టా 191, లాక్‌హీడ్ ట్రైస్టార్ విమానం, 163 మందితో దిగుతోంది. రన్‌వేకి కాస్త ఉత్తరాన ఓ వాన మేఘం ఉంది. మన విమానానికి స్నానం కాబోతోందన్న అర్థంలో కో-పైలట్ తేలిగ్గా అన్న మాట కాక్‌పిట్ రికార్డర్‌లో ఉంది. ఆ తర్వాత కాసేపటికి, ఎదురుగా ఉన్న మేఘంలోంచి మెరుపులు వస్తున్నాయని అన్నదీ ఆయనే. వాళ్లకన్నా ముందు ఒక చిన్న లియర్‌జెట్ అదే వానలోంచి వెళ్లి క్షేమంగా దిగింది. వీళ్లూ ముందుకే వెళ్లారు.

వేగం గంటకు 276 కిలోమీటర్లు ఉండాల్సింది, ఎదురుగాలికి 320కి ఎగబాకింది. ఆ వేగం పోబోతోందని కెప్టెన్ ముందే పసిగట్టి కో-పైలట్‌ను హెచ్చరించాడు. హెచ్చరించినంత సేపు పట్టలేదు, వేగం 246కి, ఆ తర్వాత 220కి పడిపోయింది. ఇంజిన్లు పూర్తిగా పెంచమని కెప్టెన్ అరిచాడు. రన్‌వేకి దాదాపు రెండు కిలోమీటర్ల ముందే విమానం ఓ పొలంలో నేలను తాకి, మళ్లీ లేచి, హైవే మీద ఒక కారును ఢీకొట్టి, విమానాశ్రయం ఆవరణలోని పెద్ద నీళ్ల ట్యాంకులను గుద్దుకుంది. కారులోని వ్యక్తితో కలిపి 137 మంది చనిపోయారు.

దర్యాప్తు చేసిన అమెరికా రవాణా భద్రతా సంస్థ చెప్పిన కారణాలు మూడు. మెరుపులు కనిపిస్తున్న మేఘంలోకి దిగడం మొదలుపెట్టి, దాన్ని కొనసాగించడం ఒకటి. విండ్ షియర్‌ను తప్పించుకోవడానికి, చిక్కుకుంటే బయటపడడానికి స్పష్టమైన పద్ధతులూ శిక్షణా లేకపోవడం ఇంకొకటి. అప్పటికప్పుడు అక్కడ గాలి ఎలా ఉందో చెప్పే కచ్చితమైన సమాచారం లేకపోవడం మూడోది. ఆ తర్వాత నలభై ఏళ్లలో ఈ రంగంలో జరిగిన పనంతా ఈ మూడింటి చుట్టూ తిరిగిందే. అయితే మూడూ ఒకే వేగంతో ముందుకు పోలేదు. సమాచారం, శిక్షణ ఎంతో ముందుకెళ్లాయి. మొదటిది, అంటే కనిపిస్తున్న మేఘంలోకి దిగాలా వద్దా అన్న నిర్ణయం, వెనకబడే ఉంది.

డాలస్‌కు పదేళ్ల ముందే ఈ గాలిని ఒకాయన గుర్తుపట్టాడు. 1975 జూన్ 24న న్యూయార్క్ కెనెడీ విమానాశ్రయంలో దిగుతూ ఈస్టర్న్ 66 అనే బోయింగ్ 727 కూలి, అందులోని 124 మందిలో 113 మంది పోయారు. అంతకు కొద్ది నిమిషాల ముందు దిగిన ఒక కార్గో విమానం పైలట్, రన్‌వే మార్చమని కంట్రోలర్లతో గట్టిగానే చెప్పాడు. దాని వెనక వచ్చిన మరో విమానం దిగలేక పైకి లేచి వెళ్లిపోయింది. తర్వాత వచ్చిన ఇంకో రెండు మాత్రం ఎలాగో దిగాయి. వాటి వెనకది ఈస్టర్న్ 66.

ఈ ప్రమాదాన్ని పరిశీలించే పని చికాగో విశ్వవిద్యాలయంలో ఉన్న టెట్సుయా ఫుజితా చేతికొచ్చింది. టోర్నడోల తీవ్రతను కొలిచే కొలమానం ఆయన పేరు మీదే ఉంది. జపాన్‌లో పుట్టిన ఫుజితా, 1945లో అణుబాంబు పడ్డ నాగసాకిని చూసినప్పుడు, పేలుడు కింద చెట్లు ఒక కేంద్రం నుంచి నక్షత్రం ఆకారంలో బయటికి పడి ఉండడం గమనించాడు. 1974లో టోర్నడోల తర్వాత విమానంలోంచి అడవిని పరిశీలిస్తుంటే అక్కడక్కడా అదే ఆకారం కనిపించింది. టోర్నడో అయితే చెట్లు సుడి తిరిగినట్టు పడాలి. ఇక్కడ పైనుంచి ఏదో పడి నలువైపులకూ తోసినట్టు ఉన్నాయి. న్యూయార్క్ ప్రమాదం వివరాలు చేతికి రాగానే ఈ రెండింటినీ కలిపి, మేఘం నుంచి ఇంత చిన్న పరిధిలో ఇంత జోరైన గాలి కిందికి దూకగలదని ఆయన వాదించాడు. వాతావరణ శాస్త్రవేత్తలు చాలామంది నమ్మలేదు. ఉరుముల మేఘం ముందు వచ్చే మామూలు ఈదురుగాలినే ఈయన పొరబడుతున్నాడన్నారు.

అనుమానం తీరింది కొలతలతోనే. 1982లో డెన్వర్ దగ్గర గాలి కదలికను కొలవగల డాప్లర్ రాడార్లు పెట్టి చూస్తే, 86 రోజుల్లో 186 మైక్రోబర్స్ట్‌లు లెక్కకు వచ్చాయి. అరుదైనదని అనుకున్నది ఆ ప్రాంతంలో వేసవిలో రోజుకు రెండుసార్లు జరుగుతోందన్నమాట. వాటిలో చాలావాటికి నేల మీద వాన చుక్క కూడా పడలేదు. చినుకులు దారిలోనే ఆవిరైపోయి, గాలి మాత్రం దిగింది. పైలట్‌కు ఎదురుగా కనిపించేది పలచటి, అమాయకమైన మేఘం.

అదే 1982 వేసవిలో న్యూ ఓర్లీన్స్‌లో పాన్ యామ్ 759 టేకాఫ్ అయిన వెంటనే కూలి, విమానంలోని 145 మందీ, కింద ఇళ్లల్లో 8 మందీ చనిపోయారు. అక్కడ విండ్ షియర్ హెచ్చరిక వ్యవస్థ అప్పటికే ఉంది. విమానాశ్రయం మధ్యలో ఒకటి, చుట్టూ ఐదు గాలి కొలిచే పరికరాలు స్తంభాల మీద పెట్టి, వాటి మధ్య తేడా వస్తే కంట్రోల్ టవర్‌లో అలారం మోగేలా చేసిన ఏర్పాటది. ఆలోచన మంచిదే. కానీ రెండు స్తంభాల మధ్య దూరంలో ఒక మైక్రోబర్స్ట్ మొత్తం ఇమిడిపోగలదు. పైగా స్తంభం దగ్గరికి గాలి వచ్చేదాకా దానికి ఏమీ తెలియదు.

దీనికి జవాబుగా వచ్చిందే విమానాశ్రయాల కోసం ప్రత్యేకంగా చేసిన టెర్మినల్ డాప్లర్ వెదర్ రాడార్. వాన చినుకులను తాకి తిరిగొచ్చే తరంగంలోని మార్పును బట్టి, ఆ చినుకులు మనవైపు వస్తున్నాయో దూరం పోతున్నాయో ఇది చెబుతుంది. ఒకే చోట పక్కపక్కనే కొన్ని చినుకులు ఇటూ, కొన్ని అటూ పరుగెడుతున్నాయంటే అక్కడ పైనుంచి గాలి పడుతోందని అర్థం. మామూలు వాతావరణ రాడార్ ఆకాశాన్నంతా తిరిగి చూడడానికి చాలా నిమిషాలు తీసుకుంటే, ఇది రన్‌వే చుట్టూ నేలకు ఆనుకుని ఉన్న గాలిని దాదాపు నిమిషానికోసారి చూస్తుంది. అమెరికా ఇలాంటివి 45 చోట్ల పెట్టింది.

దాని విలువ పరీక్ష దశలోనే తెలిసింది. 1988 జూలై 11న డెన్వర్ పాత విమానాశ్రయంలో ఈ రాడార్ నమూనాను నడిపి చూస్తున్నారు. యునైటెడ్ సంస్థ విమానాలు ఐదు ఒకదాని వెనక ఒకటి దిగడానికి వస్తుండగా, సరిగ్గా ఆ దారిలోనే ఓ పెద్ద మైక్రోబర్స్ట్ విచ్చుకుంది. కంట్రోలర్ చదివిన హెచ్చరికల్లో వేగం గంటకు దాదాపు 150 కిలోమీటర్ల మేర పోవచ్చన్న అంకె కూడా ఉంది. అంత వేగం పోగొట్టుకుని ఏ ప్రయాణికుల విమానమూ నిలబడదు. అయినా అంకె చెవినపడేలోపే లోపలికి వెళ్లినవాళ్లున్నారు. ఒక విమానం రన్‌వేకి ఇంకా మైలుకు పైగా దూరం ఉండగానే నేలకు వంద అడుగుల లోపుకు జారి, అక్కడినుంచి పైకి లేచింది. చివరికి అన్నీ క్షేమంగా దిగాయి. హెచ్చరిక ఉంటే ప్రాణాలు నిలుస్తాయని ఈ ఘటన చూపించింది. హెచ్చరిక చేరడానికీ, పైలట్ దానిమీద నడుచుకోవడానికీ మధ్య ఎంత జాప్యం ఉంటుందో కూడా చూపించింది.

ఆ జాప్యాన్ని తగ్గించాలంటే హెచ్చరిక కంట్రోలర్ నోటి ద్వారా కాకుండా నేరుగా కాక్‌పిట్‌లోనే మోగాలి. మొదట వచ్చిన పరికరాలు విమానం తాలూకు వేగం, ఎత్తు, కదలికలను చూసి, గాలి శక్తిని లాగేస్తోందని తేలగానే సైరన్‌తో "విండ్ షియర్, విండ్ షియర్, విండ్ షియర్" అని మోగేవి. ఇది ఇప్పటికీ ప్రతి పెద్ద జెట్‌లో ఉంది. దీని లోపం దాని స్వభావంలోనే ఉంది. ఇది మోగేసరికి విమానం అప్పటికే గాలి లోపల ఉంటుంది. ఐదో పదో సెకన్లు మిగిలి ఉంటాయి.

ముందే చూడగలిగే పరికరం కోసం నాసా, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ కలిసి 1986 తర్వాత ఏళ్ల తరబడి పనిచేశాయి. ముందు ఒక కొలత కావాల్సి వచ్చింది. ఎంత గాలి మార్పు ఉంటే ప్రమాదం అన్నది వేగంతోనే తేలదు, కిందికి తోసే గాలినీ కలపాలి. ఆ రెండింటినీ కలిపి, విమానం దగ్గరున్న శక్తిని గాలి ఎంత తొందరగా లాగేసుకుంటుందో చెప్పే ఎఫ్-ఫాక్టర్ అనే అంకెను తయారుచేశారు. ఒక కిలోమీటరు దూరం మీద సగటున అది 0.1 దాటితే హెచ్చరించాల్సిందే. పైన చెప్పుకున్న ఉదాహరణనే తీసుకుంటే, 90 కిలోమీటర్ల వేగం అర నిమిషంలో పోవడానికే దాదాపు 0.09 అవుతుంది. దానికి కిందికి తోసే గాలి సెకనుకు 5 మీటర్లే ఉన్నా ఇంకో 0.07 చేరుతుంది. మొత్తం హద్దు దాటి ఎంతో పైకి పోయింది.

కొలత దొరికాక నాసా పరిశోధకులు ఒక బోయింగ్ 737ను పరికరాలతో నింపి, 1991, 1992 వేసవుల్లో ఓర్లాండో, డెన్వర్ దగ్గర కావాలనే మైక్రోబర్స్ట్‌ల వైపు తీసుకెళ్లారు. లోపలికి పోకముందు రాడార్ చెప్పిన అంకె, లోపల నిజంగా ఎదురైన అంకె సరిపోయాయో లేదో చూడడానికి వేరే దారి లేదు. ఈ విషయంలో జరిగిన పనులన్నిటిలోకీ సాహసమైనది ఇదే. ఆ కృషి ఫలితంగా 1994 చివర్లో ముక్కులో డాప్లర్ రాడార్‌తో, విండ్ షియర్‌ను ముందే చూసే పరికరంతో మొదటి ప్రయాణికుల విమానం ఎగిరింది. ఇప్పుడు శంషాబాద్‌లోనో గన్నవరంలోనో దిగే ఎయిర్‌బస్, బోయింగ్ విమానాల్లో ఉండేది దాని వారసులే. దిగేటప్పుడు "గో అరౌండ్, విండ్ షియర్ అహెడ్" (ముందు విండ్ షియర్ ఉంది, దిగడం ఆపి మళ్లీ పైకి లేవండి) అన్న గొంతు వినిపిస్తే, గాలి తగలడానికి ఇంకా పది నుంచి అరవై సెకన్ల వ్యవధి ఉందని లెక్క. పాత పరికరంతో పోలిస్తే ఇది చాలా పెద్ద తేడా.

దీనికీ హద్దులున్నాయి. రాడార్‌కు చినుకులు కావాలి. డెన్వర్‌లో కనిపించినలాంటి పొడి మైక్రోబర్స్ట్ దానికి సరిగ్గా ఆనదు. టేకాఫ్ పరుగులో వేగం బాగా పెరిగాక కొన్ని సెకన్ల పాటు ఈ హెచ్చరికలను కావాలనే ఆపేస్తారు, ఎందుకంటే ఆ వేగంలో బ్రేకులు వేయడం ఇంకా పెద్ద ప్రమాదం.

అన్నీ దాటి గాలిలో చిక్కుకుంటే చేయాల్సింది ఇప్పుడు ప్రతి పైలట్‌కూ సిమ్యులేటర్‌లో నేర్పుతారు. డాలస్ విమానం రికార్డర్‌లో వివరాలు పుష్కలంగా దొరకడంతో ఆ సాయంత్రపు గాలిని లెక్కగట్టి సిమ్యులేటర్లలో ఎక్కించారు. 1987లో విమాన తయారీ కంపెనీలు, ఎయిర్‌లైన్స్ కలిసి శిక్షణ సామగ్రిని తయారుచేశాయి. పద్ధతి చెప్పడానికి సులువు: ఇంజిన్లు పూర్తి శక్తికి, ముక్కు పైకి. బోయింగ్ అయితే 15 డిగ్రీలు, ఎయిర్‌బస్ అయితే 17.5. చక్రాలనూ, తక్కువ వేగంలోనూ విమానం నిలబడేలా రెక్కల వెనక చాచే ఫ్లాప్‌లనూ ముట్టుకోకూడదు. చక్రాలు పైకి లాగితే గాలి రాపిడి తగ్గుతుంది కదా అనిపిస్తుంది, కానీ లాగేటప్పుడు వాటి తలుపులు తెరుచుకుని ఆ కాసేపు రాపిడి ఇంకా పెరుగుతుంది. మామూలు గో-అరౌండ్‌లో చేతులు వాటంతటవే చక్రాల మీటకు పోతాయి. ఇక్కడ ఆ అలవాటును ఆపుకోవాలి. అన్నిటికన్నా కష్టమైనది ముక్కు పైకి పట్టుకుని ఉండడం. వేగం తగ్గిపోతున్నప్పుడు ముక్కు దించమని పైలట్‌కు మొదటి రోజు నుంచీ నేర్పుతారు, విమానం కూడా తనంతట తానే ముక్కు దించుతుంది. కింద ఐదు వందల అడుగులే ఉన్నప్పుడు మాత్రం వేగం పోయినా సరే, ఎత్తు కాపాడుకోవాలి.

ఈ పనిలో కొంత భారాన్ని ఎయిర్‌బస్ కంప్యూటర్లకు అప్పగించింది. దిగేటప్పుడు ఎదురుగాలి పెరిగితే వేగం ఎక్కువైందని ఇంజిన్లు తగ్గించకుండా, ఆ గాలి పోయాక కూడా సరిపడా వేగం మిగిలేలా లక్ష్యాన్నే పైకి జరుపుతాయి ఆ విమానాలు. డాలస్‌లో మనుషుల్ని బోల్తా కొట్టించిన మొదటి మోసానికి ఇది సూటైన జవాబు. విమానం మరీ నెమ్మదించి రెక్క పట్టు తప్పే దశకు వస్తే ఇంజిన్లు వాటంతటవే పూర్తి శక్తికి వెళ్తాయి.

ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. నాసా లెక్క ప్రకారం 1964 నుంచి 1985 దాకా అమెరికాలో విండ్ షియర్ కారణమైన, లేదా దానికి చెయ్యి ఉన్న పెద్ద ప్రమాదాలు 26, పోయిన ప్రాణాలు 620. ఆ వరసలో చివరి పెద్ద ప్రమాదం 1994 జూలై 2న షార్లట్‌లో జరిగింది. యూఎస్ ఎయిర్ 1016, డీసీ-9 విమానం, 57 మందిలో 37 మంది మృతి. ఈ ప్రమాదం గురించి ఎంత చెప్పుకున్నా తక్కువే, ఎందుకంటే అప్పటికి సామగ్రి అంతా చేతికొచ్చింది. ఆ విమానాశ్రయానికి డాప్లర్ రాడార్ మంజూరైంది, కానీ స్థలం దొరక్క ఆలస్యమైంది. విమానంలో హెచ్చరిక పరికరం ఉంది. ఫ్లాప్‌లు ఒక స్థానం నుంచి ఇంకో స్థానానికి కదులుతున్నప్పుడు దాని చురుకుదనం తగ్గేలా సాఫ్ట్‌వేర్ రాయడంతో అది మోగలేదు. పైలట్లు గో-అరౌండ్ మొదలుపెట్టారు, కానీ దాన్ని మామూలు గో-అరౌండ్‌లాగే చేశారు, మధ్యలో ముక్కు దించారు. ప్రతి పొరలోనూ ఒక చిన్న కంత, అన్నీ ఒకే వరసలోకి వచ్చాయి.

నిర్ణయం సంగతి ఇక్కడే గట్టిగా మాట్లాడుకోవాలి. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన లింకన్ ల్యాబొరేటరీ పరిశోధకులు, డాలస్-ఫోర్ట్ వర్త్‌లో దిగడానికి వస్తూ ఉరుముల మేఘాలు ఎదురైన విమానాలు ఏం చేశాయో రాడార్ రికార్డులు చూసి, 1999లో నివేదిక ఇచ్చారు. దాదాపు రెండు వేల సందర్భాల్లో మూడింట రెండు వంతుల సార్లు విమానాలు పక్కకు తప్పుకోకుండా మేఘంలోంచే వెళ్లాయి. రన్‌వే దగ్గరయ్యేకొద్దీ అలా వెళ్లడం పెరిగింది. ముందు ఇంకో విమానం వెళ్తుంటే పెరిగింది. పావుగంటకు మించి ఆలస్యమైన విమానాల్లో పెరిగింది. చీకటి పడ్డాక పెరిగింది. ఇవి చదువుతుంటే డాలస్ లియర్‌జెట్, న్యూయార్క్‌లో ఎలాగో దిగిన ఆ రెండు విమానాలు గుర్తుకు రాక మానవు. ముందువాడు దిగాడు కాబట్టి నేనూ దిగగలనన్న నమ్మకం, ఆయుష్షే పది నిమిషాలున్న గాలి విషయంలో ఏ ఆధారమూ లేనిది. వీళ్లెవరూ చేతకాని పైలట్లు కారు. గమ్యం కళ్లెదుట ఉన్నప్పుడు, ఆలస్యమైన టెన్షన్ ఉన్నప్పుడు ఎంత అనుభవమున్న మనిషైనా అటే మొగ్గుతాడు.

విండ్ షియర్‌కు ఉరుముల మేఘం తప్పనిసరి కూడా కాదు. హాంకాంగ్ విమానాశ్రయం పక్కనే లాంటావ్ దీవి కొండలున్నాయి. గాలి వాటిమీదుగా, కనుమల గుండా వచ్చి రన్‌వే దారిలో అలలుగా విరుగుతుంది. వాన లేని ఆ గాలిని రాడార్ చూడలేదు. అందుకని అక్కడి వాతావరణ సంస్థ 2002లో లైడార్‌ను పెట్టింది. ఇది రేడియో తరంగాలకు బదులు లేజర్ కాంతితో గాలిలోని దుమ్ము కణాల కదలికను కొలుస్తుంది. జోరువానలో లైడార్‌కు చూపు ఆనదు, అప్పుడు రాడార్ పనికొస్తుంది. ఒకటి తడి గాలికి, ఇంకొకటి పొడి గాలికి. రెండూ ఉంటేనే కాపలా పూర్తయినట్టు.

మన ఉపఖండంలో ఈ ముప్పు ఎక్కువగా ఏప్రిల్ నుంచి జూన్ దాకా. 2012 ఏప్రిల్ 20 సాయంత్రం కరాచీ నుంచి ఇస్లామాబాద్ వెళ్తున్న భోజా ఎయిర్ 737 ఉరుముల గాలివానలో దిగబోయి కూలింది. అందులో ఉన్న 127 మందిలో ఒక్కరూ మిగల్లేదు. తెలుగు రాష్ట్రాల్లోనూ అదే కాలంలో, మధ్యాహ్నం నలభై డిగ్రీలు దాటిన ఎండ కాసి, సాయంత్రానికి నల్లగా కమ్ముకొచ్చి, మామిడి తోటల్లో కాయలన్నీ రాల్చేసి, హోర్డింగులు పడగొట్టి పోయే ఈదురుగాలులు అందరికీ తెలుసు. వాటిలో చాలావాటి పుట్టుక కూడా మేఘంలోంచి కిందికి దూకిన చల్లగాలే. కింద వేడిగా, పొడిగా ఉన్న గాలి మందంగా ఉన్నకొద్దీ చినుకులు ఎక్కువగా ఆవిరై, ఆ దూకుడు ఇంకా పెరుగుతుంది.

వాతావరణ శాఖకు హైదరాబాద్, విశాఖపట్నం, మచిలీపట్నంలో డాప్లర్ రాడార్లున్నాయి. తుపాన్లను, భారీ వర్షాలను కనిపెట్టడంలో అవి చేసే సేవ చిన్నది కాదు. అయితే రన్‌వే చివర నేలకు మూడు వందల అడుగుల ఎత్తులో ఈ నిమిషంలో గాలి ఎటు మారిందో చెప్పడానికి వాటిని పెట్టలేదు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం రన్‌వే మట్టం నుంచి 1,600 అడుగుల లోపు గాలి మార్పులకు విమానాశ్రయ వాతావరణ కార్యాలయం హెచ్చరిక ఇవ్వాలి. ప్రత్యేక పరికరం లేని చోట దానికి ముఖ్యమైన ఆధారం, అప్పుడే దిగిన పైలట్ ఇచ్చే రిపోర్టు. అంటే ఎవరో ఒకరు ముందు ఆ గాలిలోకి వెళ్లి రావాలి. రద్దీ పెరుగుతున్న పెద్ద విమానాశ్రయాల దగ్గరైనా రన్‌వే దారిని చూసే రాడార్, లైడార్ జంటను పెట్టడం ఇక వాయిదా వేయదగ్గ ఖర్చు కాదు. కొండల పక్కన ఉన్న విశాఖలాంటి చోట్ల లైడార్ అవసరాన్ని విడిగా లెక్కలోకి తీసుకోవాలి.

పరికరాల కన్నా చవకైనది, వెంటనే చేయగలిగేది ఇంకొకటి ఉంది: వెనక్కి తిరిగే పైలట్‌కు వెసులుబాటు ఇవ్వడం. గో-అరౌండ్ చేసినందుకు సంజాయిషీ అడగకపోవడం అందులో ఒక భాగం. రెండో భాగం ఇంధనం. వేసవి సాయంత్రం హైదరాబాద్ చేరాల్సిన విమానంలో ముప్పావుగంట గాల్లో చక్కర్లు కొట్టడానికీ, ఆ తర్వాత విజయవాడకో బెంగళూరుకో మళ్లడానికీ సరిపడా ఇంధనం ఉంటే, కెప్టెన్ మేఘం దాటిపోయేదాకా నిబ్బరంగా ఆగుతాడు. నిబంధన చెప్పిన కనీసం మాత్రమే నింపుకుని వస్తే, చక్కర్లు కొట్టే ప్రతి నిమిషం ఆయన్ని రన్‌వే వైపు తోస్తుంది. ఆ అదనపు ఇంధనాన్ని మోయడానికీ కొంత ఇంధనం ఖర్చవుతుంది కాబట్టి కంపెనీలు కనీసం వైపే మొగ్గుతాయి. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో సాయంత్రం నాలుగు దాటాక దిగే సర్వీసులకు ఆ లెక్క పక్కనపెట్టి, కెప్టెన్ అడిగినంత నింపాలి.

ప్రయాణికుల వైపు నుంచి కూడా కొంత ఒత్తిడి వస్తుంది. దారి మళ్లిన విమానంలో రెండు గంటలు కూర్చోవలసి వస్తే కోపం రావడం సహజం. పక్క విమానం దిగింది, మనది ఎందుకు దిగలేదని సిబ్బందిని నిలదీసే వీడియోలు ప్రతి వేసవిలోనూ తిరుగుతుంటాయి. ఆ ప్రశ్నకు జవాబు ఆ గాలి ఆయుష్షులోనే ఉంది. పక్క విమానం దిగిన ఐదు నిమిషాలకు రన్‌వే ముందున్నది వేరే గాలి. పావుగంట ఆగితే అది దానంతట అదే చచ్చిపోతుంది.